మొదటి వారమే తీర్పా?

1961 అక్టోబరులో నైజీరియాలోని ఇబాదాన్ నగరాన్ని ఒక పోస్టుకార్డు అట్టుడికించింది. ఆ ఏడాది మార్చిలోనే అమెరికా అధ్యక్షుడు కెనెడీ ప్రారంభించిన వాలంటీర్ల సంస్థ పీస్ కోర్ తరఫున పాఠాలు చెప్పడానికి వెళ్లిన 23 ఏళ్ల మార్జరీ మిచెల్‌మోర్ స్వదేశంలోని స్నేహితుడికి రాసుకున్న కార్డు అది. ఎంత శిక్షణ పొంది వచ్చినా ఇక్కడి మురికికీ, వెనకబాటుకూ తాము సిద్ధపడలేదని, తాము తప్ప జనమంతా వీధుల్లోనే బతుకుతున్నారని, వంటా అమ్మకమూ ఆఖరికి కాలకృత్యాలూ వీధిలోనేనని రాసింది. కార్డు పోస్టు డబ్బాలో పడకముందే జారిపోయి యూనివర్సిటీ కాలేజీ విద్యార్థుల చేతికి చిక్కింది. వాళ్లు నకళ్లు తీసి పంచారు, సభ పెట్టి ఖండించారు, అమెరికన్లను పంపించేయాలని పట్టుబట్టారు. ఆమె క్షమాపణ చెప్పి దేశం విడిచి వెళ్లింది. దీన్ని ఒక అమ్మాయి నోటి దురుసుగా కొట్టిపారేయలేం. ఆమె చూడనిదేమీ రాయలేదు. తొలి దిగ్భ్రమ తీరాక ఇది తృప్తినిచ్చే అనుభవమేనని అదే కార్డులో చెప్పింది కూడా. అయినా ఆ చూపుతో ఇబాదాన్ అర్థం కాదు. పరాయి నగరానికి సేవకు వెళ్లినవారి తొలి అభిప్రాయం నిజాయతీగా ఉన్నంత మాత్రాన పనికి ఆధారం కాలేదని నా వాదన.

ఆ వీధుల్లో ఆమెకు కనపడనిది ఎంతో ఉంది. ఇబాదాన్‌లో అప్పటికే టీవీ కేంద్రం నడుస్తోంది. 1959 అక్టోబరు 31న ప్రసారాలు మొదలయ్యాయి, ఢిల్లీలో ప్రయోగాత్మక ప్రసారాలు మొదలైన నెలన్నరకే. మన హైదరాబాద్ దూరదర్శన్‌ కోసం 1977 దాకా ఆగాల్సివచ్చింది. ఇబాదాన్ రాజధానిగా ఉన్న పశ్చిమ ప్రాంతంలో అవొలొవొ ప్రభుత్వం 1955లోనే ప్రాథమిక విద్యను ఉచితం చేసింది. కార్డు దొరికిన కాలేజీలోనే చినువా అచెబె, వొలె సోయింకా చదువుకున్నారు. ఇక వీధిలో వంట సంగతి. పొద్దున్నే రోడ్డు పక్కన పొయ్యి పెట్టి, నానబెట్టి పొట్టు తీసిన అలసందలను రుబ్బి, ఉల్లిపాయా మిరపా కలిపి నూనెలో వేయించే ‘అకారా’ యొరుబా వారికి ఇష్టమైన ఫలహారం. రాయలసీమ వాళ్లయితే చూడగానే అలసంద వడ అని గుర్తుపడతారు. యొరుబా పట్టణాల్లో అంగడి వ్యాపారం తరతరాలుగా ఎక్కువగా ఆడవాళ్ల చేతుల్లో ఉంది. పిల్లల చదువు, ఇంటి ఖర్చు ఆ గంపలోంచే గడుస్తాయి. కొత్తగా వచ్చిన కంటికి అది ఇల్లులేని దారిద్ర్యంగా కనిపిస్తుంది. ఊరివాళ్లకు అది సొంత సంపాదన.

పర్యాటకుడు పొరబడితే పోయేదేమీ లేదు, ఫొటోలు తీసుకుని ఇంటికెళ్తాడు. వాలంటీరు అలా కాదు, కనిపించిన లోటును పూడ్చాలని వచ్చినవాడు కనుక పొరపాటు నేరుగా పనిలోకి దిగుతుంది. కంబోడియాలో జరిగింది ఇదే. అంకోర్ వాట్ చూడటానికి సియం రీప్ వచ్చే విదేశీయులు చిరిగిన బట్టల పిల్లల్ని చూసి అనాథలనుకున్నారు. ఒక పూటో రెండు వారాలో ఇంగ్లిషు నేర్పుతామని డబ్బు కట్టి మరీ ముందుకొచ్చారు. యునిసెఫ్ లెక్క ప్రకారం 2005 నుంచి 2010 వరకు ఆ దేశంలో అనాథాశ్రమాలు 75 శాతం పెరిగి 269కి చేరాయి. వాటిలో ఉన్న దాదాపు 12 వేల మంది పిల్లల్లో అత్యధికులకు తల్లో తండ్రో బతికే ఉన్నారు. అనాథలు పెరగలేదు, అనాథల్ని చూడాలనుకునేవాళ్లు పెరిగారు. చదువు చెప్పిస్తామన్న మాట నమ్మి పేద తల్లిదండ్రులు పిల్లల్ని అప్పగించారు. ప్రతి పక్షం కొత్త అక్కకు, కొత్త అన్నకు అలవాటుపడి, వాళ్లు వెళ్లిపోతుంటే ఏడ్చిన పసివాళ్లకు జరిగిన నష్టం ఏ పద్దులోనూ రాదు. ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చేటప్పుడు ఈ దందానూ చర్చకు తెచ్చిందంటే సంగతి ఎంత దూరం వెళ్లిందో చూడండి.

కొత్త కళ్లు కూడా కావాలి కదా, ఊరివాళ్లు అలవాటుపడి పట్టించుకోని మురుగు కాలువ కొత్తవాళ్లకే కనిపిస్తుంది కదా అంటారు. ఒప్పుకుంటాను. కాని కాలువ కనిపించడం వేరు, అది ఎందుకు పూడిపోతోందో, మున్సిపాలిటీలో ఎవరిని అడగాలో, గతంలో ఎవరు అడిగి విసిగిపోయారో తెలియడం వేరు. తొలి అభిప్రాయాన్ని ప్రశ్నగా ఊరివాళ్ల ముందు పెడితే మేలే. దాన్నే జవాబుగా పట్టుకుని పనిలో దిగితేనే చేటు. పీస్ కోర్ ఇప్పుడు వాలంటీర్లను దాదాపు మూడు నెలలు స్థానిక కుటుంబాల దగ్గర ఉంచి, భాష నేర్పాకే రెండేళ్ల బాధ్యత అప్పగిస్తుంది. మన అనంతపురానికి 1969లో వచ్చిన స్పెయిన్ దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్ మన దేశంలో తొలిసారి అడుగుపెట్టింది అంతకు 17 ఏళ్ల ముందే. 2009లో కన్నుమూసేదాకా ఆ కరవు నేలనే అంటిపెట్టుకున్నారు. స్పెయిన్ దాతల డబ్బుతో ఆయన నెలకొల్పిన సేవా సంస్థ ఆర్డీటీ కట్టిన బడులు, ఆసుపత్రులు, ఇళ్ల వెనక పనిచేసే సిబ్బంది దాదాపు అందరూ ఇక్కడివారే.

అందరూ ఫెర్రర్‌లు కాలేరు, ఉద్యోగం చదువు మానుకుని ఏళ్లకేళ్లు ఎవరుంటారు, ఆరు వారాల సాయమైనా సాయమే కదా అనే వాదనకు బలముంది. నిజమే. అందుకే ఆ ఆరు వారాలు ఎక్కడ ఖర్చుచేస్తున్నామన్నది ముఖ్యం. పసిపిల్లల పెంపకం, వైద్యం, పాఠం చెప్పడం స్వదేశంలో అర్హత లేకుండా ఎవరూ చేయనివ్వని పనులు. పరాయి దేశంలో పేదలకు మాత్రం అర్హత లేనివాళ్లు చాలుననుకోవడం అన్యాయం. ఆసుపత్రి పద్దుల్ని కంప్యూటరుకెక్కించడం, పాడైన యంత్రాన్ని బాగుచేయడం, అక్కడి టీచరు కోరితే ఆ టీచరు ఇంగ్లిషుకు మెరుగుపెట్టడం తక్కువ రోజుల్లోనూ సాధ్యమే. అమెరికా కాలేజీ దరఖాస్తులో సేవ గంటలు చూపించుకోవడానికి పిల్లల్ని వేసవిలో నేపాల్‌కో, కంబోడియాకో, మన పల్లె బడులకో పంపే తెలుగు తల్లిదండ్రులు టికెట్టు కొనకముందే సంస్థను కొన్ని సంగతులు అడగాలి. ఈ పని కావాలని ఊళ్లో ఎవరు అడిగారు? వాలంటీరు పైన ఉండే అధికారి స్థానికుడేనా? మొదటి నెలలో పిల్లల ఫొటోలు ఫోనులో పెట్టకూడదన్న కట్టుబాటు ఉందా? కట్టే రుసుములో ఆ ఊరి ఉద్యోగి జీతానికి వెళ్లేదెంత? వీటికి సూటిగా జవాబు చెప్పలేని సంస్థకు డబ్బు కట్టకూడదు, పిల్లల్ని పంపకూడదు.