టేకు సీమలో పొడి పూత

కారేపల్లిలో కొత్తగా కడుతున్న ఇళ్ల కిటికీలు దూరం నుంచి టేకులాగే ఉంటాయి. చారలు, ముడులు అన్నీ కనిపిస్తాయి. వేలితో తడితే ఖంగుమంటుంది. అది అల్యూమినియం. దానిపై పొడి పూత వేసి ఓవెన్‌లో కాల్చి, కర్ర చారలు అచ్చువేసిన ఫిల్మ్ చుట్టి మళ్లీ వేడిచేస్తారు. ఫిల్మ్‌లోని రంగు ఆవిరై పూతలోకి ఇంకుతుంది. ఇల్లెందు, కొత్తగూడెం అడవుల అంచున, ద్వారబంధమంటే టేకే అనుకున్న ఊళ్లలో ఇది మామూలైపోయింది. అడవి మిగలాలంటే రావలసిన మార్పే, సంతోషమే. అయితే ఈ పూత పని ఎక్కడ జరుగుతోంది, అందులో కూలి ఎవరికి దక్కుతోంది, డబ్బు పెట్టినవాడికి ఎలాంటి పూత అందుతోంది అని ఇక్కడ అడిగేవారు లేరు.

మన వెల్డింగ్ షాపుల్లో గేటుకు ఇప్పటికీ రెడాక్సైడ్ పూసి, ఆరాక ఎనామెల్ వేస్తారు. అందులో కలిపే థిన్నర్ అంతా గాల్లోకి, పనివాడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పొడి పూతలో, అంటే పౌడర్ కోటింగ్‌లో, థిన్నర్ ఉండదు. రెజిన్, దాన్ని గట్టిపరిచే రసాయనం, రంగు, ఫిల్లర్ కలిపి కరిగించి, చల్లార్చి, మెత్తగా దంచుతారు. రేణువు ముప్పై నుంచి యాభై మైక్రాన్లు. పొడిని చిమ్మే గన్ దగ్గర 60 వేల నుంచి లక్ష వోల్టుల దాకా విద్యుదావేశం అందుకున్న ఆ పొడి, ఎర్తింగ్ చేసిన ఇనుమును వెతుక్కుంటూ వెళ్లి అంటుకుంటుంది. 180-200 డిగ్రీల వేడిలో పది ఇరవై నిమిషాలు ఉంచితే కరిగి, పరుచుకుని, బిగుసుకుంటుంది. కింద రాలిన పొడిని పోగుచేసి మళ్లీ వాడుకోవచ్చు. 1950లలో జర్మనీలో ఎర్విన్ గెమ్మర్ తొట్టిలో గాలితో పొడిని తేలించి, వేడి లోహాన్ని అందులో ముంచే పద్ధతి కనిపెట్టాడు. 1960లలో గన్ వచ్చాక ఫ్రిజ్ నుంచి ఫ్యాన్ దాకా, కరెంటు ప్యానెల్ నుంచి నీటి వాల్వు దాకా ఇదే పూత వ్యాపించింది.

ఈ రంగానికి ఇప్పుడున్న విలువ ఎంతో ఒక్క ఒప్పందం చెబుతుంది. 2025 జూన్‌లో అక్జో నోబెల్ ఇండియాలోని 74.76 శాతం వాటాను జేఎస్‌డబ్ల్యూ పెయింట్స్‌కు అమ్మడానికి డచ్ మాతృసంస్థ అంగీకరించింది. గోడల రంగుల వ్యాపారం వదులుకుంది కానీ, పొడి పూతల వ్యాపారాన్ని మాత్రం తన చేతిలోనే ఉంచుకుంది. ఎలక్ట్రిక్ వాహనాల బ్యాటరీ పెట్టెలకు, లోపలి బస్‌బార్లకు కరెంటు తగలకుండా ఎపాక్సీ పొడి కావాలి. ఎత్తయిన భవనాల అల్యూమినియానికి ఏళ్ల తరబడి ఎండకు ఆగే పాలిస్టర్ కావాలి. ప్రపంచంలో తయారయ్యే పొడిలో సగానికి పైగా చైనాదే.

మన నేలకు ఈ పొడితో ఉన్న బంధం ముగ్గురాయి. పుస్తకాల్లో బెరైటీస్ అంటారు. కడప ప్రాంతంలో ఓబులవారిపల్లె మండలం మంగంపేటలో ప్రపంచంలోనే అతిపెద్ద నిక్షేపాల్లో ఒకటి ఉంది. మన ఖమ్మం జిల్లా నేలలోనూ ఈ రాయి ఉంది. చమురు బావుల తవ్వకానికి పోగా మిగిలినదానిలో కొంత రంగుల్లో ఫిల్లర్‌గా కలుస్తుంది. తగుపాళ్లలో కలిపితే పూత నునుపుగా, గట్టిగా వస్తుంది. చిక్కల్లా ఈ రాయి బరువు. నీటికి నాలుగు రెట్లకు మించిన బరువు. పొడిని అమ్మేది కిలోల్లో. ధర తగ్గించాలంటే ఖరీదైన రెజిన్ తగ్గించి ముగ్గురాయి పెంచడం సులువైన దారి.

లెక్క వేసి చూడండి. సాంద్రత 1.4 ఉన్న పొడి ఒక కిలో, అరవై మైక్రాన్ల మందంలో దాదాపు 12 చదరపు మీటర్లు పరుచుకుంటుంది. ఫిల్లర్ దట్టించి సాంద్రత 1.8కి తెచ్చిన పొడి కిలోకు తొమ్మిది చదరపు మీటర్ల పైచిలుకే. కిలోకు ఇరవై శాతం తక్కువ ధరకు దొరికిందని మురిసిపోయిన షెడ్డు యజమానికి మిగిలేది ఏమీ లేదు. ఆ లోటు పూడ్చుకోవడానికి పలుచగా కొడితే, మొదటి వానాకాలానికే గేటు అంచుల్లో తుప్పు. తూకంలో చవక, పూతలో ఖరీదు.

ఇంకో నష్టం ఎండతో. ఎపాక్సీ, ఎపాక్సీ-పాలిస్టర్ మిశ్రమం ఇంట్లో బీరువాలకు బాగుంటాయి. వాటిని బయటి గేటుకు వేస్తే ఎండకు మెరుపు పోయి, చెయ్యి పెడితే సుద్దలా అంటుకుంటుంది. ఆరుబయటకు పాలిస్టరే వెయ్యాలి. అందులోనూ తరగతులున్నాయి. క్వాలికోట్ అనే నాణ్యతా ప్రమాణంలో మొదటి తరగతి పూత ఫ్లోరిడా ఎండలో ఒక ఏడాది నిలిస్తే చాలు, రెండో తరగతి మూడేళ్లు, మూడో తరగతి పదేళ్లు నిలవాలి. మే నెలలో కొత్తగూడెం ఎండ ఎరిగినవాళ్లం మనం. బిల్లు మీద రంగు పేరు రాస్తున్నారు కానీ ఏ తరగతి పాలిస్టరో రాయడం లేదు. రాయమని అడగడం మన హక్కు.

పెద్ద పరిశ్రమ కోసం ఎదురుచూడడం ఈ ప్రాంతానికి అలవాటైపోయింది. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు గుర్తించాడు. ఆ బొగ్గు తవ్వే సంస్థకు పేరిచ్చిన సింగరేణి ఊరు మన మండలంలోదే. మాదారం డోలమైట్ విశాఖ ఉక్కు కొలిమిలోకి వెళ్లింది. ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యమో కాదో పరిశీలించాలని 2014 విభజన చట్టంలో రాశారు. బయ్యారం ఇనుము పక్కనే ఉన్నా కొలిమి రాలేదు. ఉక్కు కర్మాగారం అడగడం మానవద్దు. దానికోసం చిన్న పనులు ఆపవద్దు.

కారేపల్లి, ఇల్లెందు, డోర్నకల్, కొత్తగూడెం వెల్డర్లు ఒక్కొక్కరూ ఓవెన్ పెట్టుకోలేరు. ఓవెన్ సగం ఖాళీగా మండినా గ్యాస్ ఖర్చు అంతే. కేంద్రం చిన్న పరిశ్రమల క్లస్టర్ పథకంలో ఉమ్మడి సౌకర్య కేంద్రాలకు నిధులిస్తుంది. అలాంటి ఒక్క కేంద్రం ఇక్కడ పెడితే అందరి గేట్లు, గ్రిల్స్, ట్రాక్టర్ విడిభాగాలు కలిసి ఓవెన్‌ను నింపుతాయి. ఇప్పుడు 150-160 డిగ్రీలకే ఉడికే పొడులు వస్తున్నాయి. పెద్ద కంపెనీలకు అది కర్బన లెక్క. మన షెడ్డుకు నెలాఖరు సిలిండర్ల లెక్క. ఐటీఐ పాసై హైదరాబాద్ శివారు షెడ్లలో గన్ పట్టుకున్న మన తండాల పిల్లలకు ఆ పని ఊరి దగ్గరే దొరుకుతుంది.

దానికి నేను ఒక షరతు పెడతాను. పౌడర్ కోటింగ్ కాలుష్యం లేనిదని కంపెనీలు చెప్పేది గన్ నుంచి మొదలైన భాగానికే వర్తిస్తుంది. గన్‌కు ముందు ట్యాంకులున్నాయి. జిడ్డు తీసేది, యాసిడ్‌తో తుప్పు తీసేది, ఫాస్ఫేట్ పట్టించేది, మధ్య మధ్య కడిగేవి. పూత పదేళ్లు నిలుస్తుందా ఏడాదికే ఊడుతుందా అన్నది అక్కడే తేలుతుంది. విషమూ అక్కడే పుడుతుంది. పరిశ్రమల వ్యర్థాలతో పటాన్‌చెరు చెరువులకు ఏమైందో చూశాం. జీడిమెట్లలో ఉమ్మడి శుద్ధి కేంద్రం కట్టుకోవలసి వచ్చింది. పొడి దుమ్ములో నిలబడే కుర్రాడికి మాస్కు, గాలి పీల్చే బూత్ ఉండాలి. ఐరోపా దాదాపు పక్కనబెట్టిన టీజీఐసీ అనే గట్టిపరిచే రసాయనాన్ని ఇక్కడ మొదటిరోజు నుంచే వద్దనాలి. శుద్ధి యంత్రం బిగించాకే ఓవెన్‌కు కనెక్షన్ ఇవ్వాలి. ఆ ట్యాంకుల నీళ్లు వదిలేస్తే చేరేది మన మిర్చి చేల పక్క వాగులోకే.