పులి వేషాన్ని చంపింది ప్లాస్టిక్ కాదు

కొడుక్కి రోబో మాస్కు కొనిచ్చిన తండ్రికి ఇప్పుడు సుద్దులు చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు. “ఈ విదేశీ ప్లాస్టిక్ వచ్చాకే మన పులి వేషం పోయింది, మన పిల్లలకు మన ఆటలు తెలియకుండా పోయాయి” అన్న మాట వికారాబాద్‌లోనూ తాండూరులోనూ చదువుకున్నవాళ్ల నోట అలవోకగా వస్తోంది. సంస్కృతి మీద ప్రేమతోనే అంటున్నారు, కాదనను. కానీ అది తప్పుడు మాట. పైగా అసలు దోషిని దాచిపెట్టే మాట.

ముందు ఆ బొమ్మ సంగతి చూద్దాం. 2023 జూన్‌లో ‘ట్రాన్స్‌ఫార్మర్స్: రైజ్ ఆఫ్ ది బీస్ట్స్’ సినిమా విడుదలైంది. దానికి తోడుగా అమెరికా కంపెనీ హాస్‌బ్రో రెండు రూపాల బొమ్మలను మార్కెట్లోకి తెచ్చింది. చేతిలో ఉన్నంతసేపూ అది రోబో. కీళ్లు తిప్పుతూ, భాగాలు మడుస్తూ పోతే ముఖానికి పెట్టుకునే మాస్కు. ఆప్టిమస్ ప్రైమల్ అయితే గొరిల్లా, రైనాక్స్ అయితే ఖడ్గమృగం. జపాన్‌లో టకారా కంపెనీ చేసిన రోబో బొమ్మలను తీసుకుని 1984లో హాస్‌బ్రో ట్రాన్స్‌ఫార్మర్స్ వరుస మొదలుపెట్టింది. 1996లో ‘బీస్ట్ వార్స్’ పేరుతో కార్లు, లారీల స్థానంలో జంతువులు వచ్చాయి.

ఈ తారీఖులు చాలు, నింద నిలవదని చెప్పడానికి. రూపం మారే ఈ మాస్కు వచ్చింది 2023లో. పులి వేషగాళ్లు తగ్గిపోవడం అంతకు ఎన్నో ఏళ్ల ముందే మొదలైంది. నిన్న పుట్టినవాడు మొన్నటి నేరం ఎలా చేస్తాడు? విదేశీ బొమ్మే చంపి ఉంటే, దాన్ని అడ్డుకున్న చోట మన వేషం తిరిగి లేవాలి కదా. కేంద్ర ప్రభుత్వం బొమ్మల దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. ఈ గోడ చాటున ఒక్క పులి వేషగాడి బతుకైనా బాగుపడిందా?

రెండో ఆరోపణ: తయారుగా దొరికే మాస్కు పిల్లల ఊహను మింగేస్తుందట. ఇలా అనేవాళ్లు ఆడుకునే పిల్లను దగ్గరగా చూడలేదు. మాస్కు ఇచ్చేది ముఖం ఒక్కటే. గొంతు, నడక, కోపం, ఆకలి ఆ పిల్లే తెచ్చుకోవాలి. పీర్ల పండుగకు కట్టే పులి వేషంలోనూ ఇదే రహస్యం. ఒంటికి పూసిన పసుపు రంగు, దాని మీద గీసిన నల్ల చారలు, నడుముకు కట్టిన తోక, ఇవన్నీ కలిసినా పులి రాదు. డప్పు దెబ్బకు అడుగు పడాలి, భుజం కదలాలి, అప్పుడు వస్తుంది పులి. పైగా ఈ బొమ్మలో ఇంకో విద్య ఉంది. కొత్తగా ఏమీ చేర్చకుండా, ఉన్నది ఏమీ తీసేయకుండా, ఒక రూపంలోంచి మరో రూపం ఎలా వస్తుందో పిల్లల వేళ్లకు తెలుస్తుంది. ఏ మడత ముందు, ఏ మడత తర్వాత అన్న క్రమం తప్పితే బొమ్మ కదలదు. ఓపిక నేర్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

మూడోది, ఇది మనది కాదన్న మాట. మృగం ముఖం తొడుక్కోవడం మనకు కొత్తా? చేర్యాల నకాషీ కళాకారులు చింతగింజల ముద్ద, రంపపు పొట్టుతో చేసే మాస్కులు ఎవరివి? తంజావూరు దగ్గర మెలట్టూరులో నరసింహ జయంతికి భాగవత మేళా ఆడతారు. అక్కడ ప్రహ్లాదుడి కథ నడిచేది తెలుగులో. తమిళ నేల మీద మన భాషను నాటకంగా కాపాడుకుంటున్న ఊరు అది. అక్కడ నరసింహుడి ముఖాన్ని పూజలో ఉంచుతారు, దాన్ని ధరించే నటుడు ఉపవాసం ఉంటాడు. సగం మనిషి, సగం సింహం అయిన దేవుణ్ని కొలిచే జాతికి రూపం మారే బొమ్మ పరాయిది ఎలా అవుతుంది?

‘మనది’ అనే మాటను కూడా జాగ్రత్తగా వాడాలి. పులి వేషం కట్టేది పీర్ల పండుగ జరిగే మొహర్రం రోజుల్లో. మొక్కు తీర్చుకోవడానికి కట్టేవాళ్లలో హిందువులూ ఉంటారు. తెలుగు, ఉర్దూ, కన్నడ కలిసి వినిపించే తాండూరు బజారుకు ఈ కలయిక గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. కలుపుకుని బతికిన ఊరు కొత్త బొమ్మను చూసి భయపడాల్సిన పని లేదు.

మరి దోషి ఎవరు? మన చులకన చూపు. పులి వేషగాడు దుకాణం ముందు ఆడితే చిల్లర చేతిలో పెట్టి “ఇక పో” అన్నది మనం. పగటి వేషగాడి కళను అడుక్కునే పనిగా చూసింది మనం. వేషం కడతానన్న పిల్లవాణ్ని “చదువు పాడవుతుంది” అని లోపలికి లాగింది మనం. వేషం కట్టినవాడికి కూలి లేదు, మర్యాద లేదు. అందుకే అతని కొడుకు రంగు ముట్టుకోలేదు. ఈ నిజం ఒప్పుకోవడం కష్టం. బొమ్మను తిట్టడం తేలిక.

బొమ్మల్లో తప్పులే లేవని నేను అనడం లేదు. పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు 2021 జనవరి 1 నుంచి తప్పనిసరి. ఆ గుర్తు లేని నాసిరకం నకళ్లను అంచులు కోసుకుంటాయన్న భయంతోనైనా కొనకూడదు. అది నాణ్యతకు సంబంధించిన పోరాటం, తప్పక చేయాలి. దాన్ని సంస్కృతి పేరుతో కలగాపులగం చేయకూడదు.

2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు 10 రోజులు సంచీ లేని బడి ఉండాలని, ఆ రోజుల్లో స్థానిక వృత్తుల వాళ్ల దగ్గర నేర్చుకోవాలని చెప్పింది. వికారాబాద్ జిల్లా బడులు అందులో ఒక రోజును పులి వేషగాడికి ఇవ్వాలి. అతన్ని గురువుగా పిలవాలి, గురువుకు ఇచ్చినట్టే డబ్బు ఇవ్వాలి. పిల్లలు తమ రోబో మాస్కులు తెచ్చుకుని అతని దగ్గర అడుగు నేర్చుకోవాలి. సంస్కృతి మీద నిజంగా ప్రేమ ఉన్నవాళ్లు పిల్లల చేతిలోని బొమ్మను లాక్కోవడం మాని, ఆ పని మొదలుపెట్టాలి.