ధోలావీరాకు ఏ కాలంలో వెళ్ళాలి?

బరంపురం నుంచి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. "మా పిల్లలకు ఎండాకాలం సెలవుల్లో గుజరాత్ చూపిద్దామనుకుంటున్నాం. ధోలావీరా కూడా చూడాలని మావారి కోరిక. మా అత్తగారిని ఒక్కదాన్నీ ఇంట్లో వదలలేం. ఆవిడకు డెబ్బై దాటాయి. మే నెలలో వెళ్ళవచ్చా?" అని అడిగారు.

ఉత్తరం చదవగానే నా గుండె జల్లుమంది. సరిగ్గా ఈ లెక్కే వేసుకుని మేమూ ఒకసారి బయల్దేరాం. ఆ సంగతి ఇంతవరకూ ఈ శీర్షికలో వ్రాయలేదు. వ్రాయడానికి మనసొప్పలేదు. ఇప్పుడు వ్రాయక తప్పదు.

ముందు, ధోలావీరా అంటే ఏమిటో తెలియనివారి కోసం నాలుగు మాటలు. గుజరాత్‌లోని కచ్ జిల్లాలో, మహా రణ్ అనే ఉప్పు ఎడారి మధ్య ఖదీర్ అనే దీవి ఉంది. దీవి అంటే చుట్టూ ఎప్పుడూ నీళ్ళుంటాయని కాదు. వానాకాలంలో నీళ్ళు, మిగిలిన రోజుల్లో బురద, ఆ తరువాత తెల్లటి ఉప్పు. ఆ దీవిలో హరప్పా నాగరికత కాలంనాటి మహానగరం ఒకటి మట్టి కింద ఉండిపోయింది. 1967-68లో పురావస్తు శాఖకు చెందిన జగత్‌పతి జోషి దాన్ని గుర్తించారు. 1990 నుంచి ఆర్.ఎస్. బిష్ట్ ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగాయి. సుమారు క్రీ.పూ. 3000 నుంచి 1500 వరకు, అంటే పదిహేను వందల ఏళ్ళపాటు అక్కడ మనుషులు కాపురం ఉన్నారు. 2021 జూలైలో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది.

ఆ వార్త వచ్చిన పేపరు ముక్క కత్తిరించి డైరీలో దాచుకున్నారు మా మామగారు. షోలాపూరులో ముప్ఫై ఏళ్ళు తెలుగు పిల్లలకు చరిత్ర పాఠం చెప్పిన మనిషి ఆయన. హరప్పా, మొహెంజొదారో పాకిస్తాన్‌లో ఉండిపోయాయి, మనం చూడగలిగింది ఇదొక్కటైనా చూడాలి అనేవారు. సరే, పిల్లలకు సెలవులు ఇచ్చాక తీసుకువెళ్దాం అనుకున్నాం. అలా 2022 మే మూడవ వారంలో బయల్దేరాం. రోహిణి కార్తె ఇంకా రాలేదు కదా, కృత్తికే కదా నడుస్తున్నది అని ధీమా. షోలాపూరు ఎండలు చూసినవాళ్ళం, మాకు ఎండ కొత్తా అని గర్వం కూడా.

బచావులో రైలు దిగి, రాపర్ మీదుగా కారులో ధోలావీరా చేరి, రాత్రి అక్కడే బస చేశాం. "తెల్లవారి అయిదున్నరకు సిద్ధంగా ఉండండి, ఎనిమిదిన్నరకల్లా తిరిగి వచ్చేద్దాం" అన్నాడు డ్రైవరు. మేం విన్నామా? పిల్లల స్నానాలు, ఫలహారాలు అయ్యేసరికి తొమ్మిదిన్నర. లోపల తలదాచుకోవడానికి చెట్టు నీడ లేదు. నేలంతా రాయి. కాళ్ళ కింద నుంచి ఒక వేడి, నెత్తిన ఒక వేడి. మామగారు మాత్రం పిల్లలకు పాఠం చెబుతూ ముందు నడుస్తున్నారు. తూర్పు వైపు పెద్ద జలాశయం అంచుకు వచ్చేసరికి మాట తడబడింది. రెండు నిమిషాలకు, నిలబడ్డవారు నిలబడ్డట్టే కూలబడిపోయారు. ఒంటిమీద చెమట కూడా లేదు. మా చిన్నవాడు "తాతయ్యా" అని వేసిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

అక్కడి కాపలాదారు, మావారు కలిసి మోసుకువెళ్ళి నీడన పడుకోబెట్టారు. తడిగుడ్డలు చుట్టి, విసిరి, కొంచెం తెలివి వచ్చాక ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు తాగించారు. పెద్ద ఊరంటే రాపర్, అది దాదాపు తొంభై కిలోమీటర్లు. ఆ కారు ప్రయాణం పగవాళ్ళకు కూడా వద్దు. డాక్టరు సెలైను ఎక్కించి, "ఇంకో అరగంట ఎండలో ఉంటే నేనేం చేయగలిగేవాణ్ణి కాదు" అన్నాడు. మూడవరోజు షోలాపూరు రైలెక్కాం.

తరువాత తెలిసింది, కోట గుమ్మం దగ్గరే ఆయనకు కళ్ళు తిరిగాయట. చెప్పలేదు. "ఇంత ఖర్చుపెట్టి వచ్చారు, నా మూలంగా ఎందుకు చెడగొట్టడం అనుకున్నాను" అన్నారు. పెద్దవాళ్ళ సంగతి ఇంతే. బాధ వాళ్ళు చెప్పరు. మనమే ముందుగా ఆలోచించాలి. మేం ఆలోచించలేదు.

ఇంతకీ అక్కడి కాలాల లెక్క ఇది. ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, ఒక్కొక్కరోజు నలభై అయిదు కూడా అవుతుంది. ఉప్పు నేల మీద పడిన వెలుగు కళ్ళలోకి కొడుతుంది. జూలై నుంచి సెప్టెంబరు వరకు వానలు. వాన పడేది తక్కువే, కానీ పడితే రణ్ అంతా నీళ్ళు నిలుస్తాయి. అక్టోబరులో నేల మీద పచ్చదనం ఉంటుంది, నీళ్ళు మిగిలినచోట్ల పక్షులు దిగుతాయి. అయితే మధ్యాహ్నం ఎండ మళ్ళీ ముదురుతుంది, ఉక్క కూడా. నవంబరు చివర నుంచి ఫిబ్రవరి మధ్య వరకు మంచి కాలం. పగలు హాయిగా తిరగవచ్చు. రాత్రి మాత్రం పది డిగ్రీల లోపుకు పడిపోతుంది, గాలి కోస్తుంది. స్వెట్టర్లు, శాలువాలు, చెవులకు మఫ్లర్లు తప్పనిసరి.

మంచి కాలంలోనూ రోజులు ఎంచుకోవాలి. దీపావళి తరువాతి వారం గుజరాతీలందరూ ఊళ్ళు తిరుగుతారు. జనవరి 14, 15 తేదీల్లో వాళ్ళ ఉత్తరాయణ్, గాలిపటాల పండుగ. క్రిస్‌మస్ వారం సరేసరి. ధోర్డోలో రణ్ ఉత్సవం జరిగే నెలల్లో పున్నమి రోజులకు గదులు దొరకడం కష్టం. డిసెంబరు మొదటి పక్షం గానీ, సంక్రాంతి దాటిన వారం గానీ మేలు.

మేము రెండవసారి వెళ్ళింది అలాగే, 2024 జనవరిలో, సంక్రాంతి అయిన వారానికి. మామగారు మొదట రానన్నారు. "మళ్ళీ మిమ్మల్ని ఇబ్బంది పెట్టను" అని ఒకటే మాట. చివరికి మా పెద్దది "నువ్వు రాకపోతే మాకు పాఠం ఎవరు చెబుతారు తాతయ్యా" అన్నాక మెత్తబడ్డారు. పిల్లల చేత ఒక్కరోజు కూడా బడి మాన్పించనివ్వని మనిషి, నాలుగు రోజుల సెలవు చీటీ స్వయంగా వ్రాసి సంతకం పెట్టారు.

ఈసారి రణ్ మధ్యగా ఖావ్‌డా మీదుగా వేసిన కొత్త రోడ్డున వెళ్ళాం. భుజ్ నుంచి దూరం బాగా కలిసి వస్తుంది. రోడ్డుకు రెండు పక్కలా ఉప్పు, పాలు ఒలికినట్టు. ఉదయం ఎనిమిదికి లోపలికి వెళ్ళి పదకొండున్నర దాకా తిరిగాం. ప్రతి అరగంటకూ కూర్చున్నాం. కోట, దాని ముందున్న పెద్ద మైదానం, ఉత్తర ద్వారం అన్నీ చూశాం. ఆ ద్వారం దగ్గరే పది పెద్ద అక్షరాల పలక దొరికింది. ఆ అక్షరాలను ఇప్పటికీ ఎవరూ చదవలేకపోయారు. "చదవలేని పాఠం ముందు మాస్టారు కూడా విద్యార్థే" అని నవ్వారు మామగారు.

చివరికి ఆ జలాశయం దగ్గరకు వచ్చాం. సుమారు 73 మీటర్ల పొడవు, 29 మీటర్ల వెడల్పు, పది మీటర్ల లోతు. ఆయన అంచున చాలాసేపు నిలబడ్డారు. నేను పక్కనే నిలబడ్డాను, చెయ్యి పట్టుకోబోతే వద్దనలేదు. పిల్లలను పిలిచి చెప్పారు: "ఈ ఊరికి రెండు వైపులా మన్సర్, మన్హర్ అని రెండు వాగులు. వాన పడినప్పుడే పారతాయి. వాటికి అడ్డుకట్టలు కట్టి, నీళ్ళు మళ్ళించి, రాతిని తొలిచి ఈ చెరువులు నింపుకున్నారు. నాలుగు రోజుల వాన కోసం ఏడాదంతా సిద్ధంగా ఉన్నారు కాబట్టే ఇక్కడ అన్ని వందల ఏళ్ళు బ్రతికారు. మనం పోయినసారి క్యాలెండర్‌లో ఎర్ర అంకెలు చూసుకుని వచ్చాం."

ఎవరినీ నిందించలేదు. మనం అన్నారు, మీరు అనలేదు. నాకు మాత్రం తలెత్తబుద్ధి కాలేదు.

అందుకని బరంపురం సోదరికి నా జవాబు: మే నెలలో వద్దమ్మా. పిల్లల సెలవులను బట్టి కాదు, మీ అత్తగారిని బట్టి ముహూర్తం పెట్టుకోండి. ఇంట్లో అందరికంటే పెద్దవారు, అందరికంటే చిన్నవారు ఏ ఎండకు తట్టుకుంటారో అదే మీ కాలం. తమిళనాడులో ఉన్నవారికి పొంగల్ సెలవులకు ఇటూ అటూ రెండు రోజులు కలిపితే సరిపోతుంది. కర్ణాటకలో దసరా సెలవులకు వెళ్ళదలచినవారు ఉదయం, సాయంత్రం మాత్రమే తిరగండి. మిగిలినవారు బడికి నాలుగు రోజులు సెలవు పెట్టించండి, పాపం ఏమీ రాదు. లోపలికి వెళ్ళేముందు మనిషికి రెండు సీసాల నీళ్ళు, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, గొడుగు మరచిపోకండి. మ్యూజియంకు వారానికోరోజు సెలవు, ఏ రోజో ముందే కనుక్కోండి. దారిలో పెద్దవారిని "అలసిపోయారా?" అని అడగకండి. లేదనే చెబుతారు. "నాకు కాళ్ళు లాగుతున్నాయి, కాసేపు కూర్చుందాం" అనండి. వెంటనే కూర్చుంటారు.

మీ అత్తగారు తిరిగి వచ్చాక ఏమన్నారో నాకు తప్పక వ్రాయండి.