ఎదుగూ బొదుగూ లేని ఉద్యోగం

కథకుడు కాళీపట్నం రామారావు 1948లో విశాఖపట్నంలోని ఒక ఎయిడెడ్ హైస్కూల్లో పంతులుగా చేరారు. 1979లో అక్కడే రిటైరయ్యారు. ముప్పై ఒక్క ఏళ్లు అదే బడి, అదే స్థాయి ఉద్యోగం. బంధువుల లెక్క ప్రకారం ఇది ఎదుగూ బొదుగూ లేని బతుకు, ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. ఆ లెక్కకు అందని సంగతులు బడి గంట కొట్టాక మిగిలిన పొద్దులో ఉన్నాయి. ‘యజ్ఞం’ కథ ఆ పొద్దులోంచే వచ్చింది. తాను రాస్తున్నది తనకే నచ్చనప్పుడు కలం పక్కన పెట్టి ఏళ్ల తరబడి ఊరుకోగలిగారు కూడా. రాసి తీరాలన్న తొందర గానీ, ఎవరినో దాటి పోవాలన్న ఆత్రం గానీ ఉన్న మనిషికి అది సాధ్యమయ్యే పని కాదు. 1995లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 1997లో శ్రీకాకుళంలో ఆయన పూనికతో కథల గ్రంథాలయం ‘కథానిలయం’ వెలిసింది. ఇంత జరిగినా లోకం ఆయన్ను పిలిచింది మాత్రం ‘కారా మాస్టారు’ అనే.

ఇలాంటి పెద్దల పేరు ఎత్తడంలో ఒక చిక్కుంది. ‘ప్రమోషన్ లేకపోతేనేం, అంత గొప్ప కథలు రాశారు కదా’ అని మనసు వెంటనే సర్దుకుంటుంది. అంటే ఆఫీసులో మెట్లు ఎక్కనివాడు బయట మరో నిచ్చెన ఎక్కి చూపిస్తే తప్ప క్షమించం అన్నమాట. కథలు రాయనివాడి సంగతేమిటి? సాయంత్రం ఆరింటికి ఇంటికొచ్చి, మల్లెపాదుకు నీళ్లు పోసి, పిల్లతో కాసేపు క్యారమ్స్ ఆడి, తొమ్మిదింటికి అన్నం తిని పడుకునేవాడు సంజాయిషీ ఎందుకు ఇచ్చుకోవాలి? పెళ్లి భోజనాల దగ్గర పక్కన కూర్చున్న పెద్దాయన పప్పులో నెయ్యి కలుపుకుంటూ ‘ఇంకా ఆ సీట్లోనే ఉన్నావటోయ్?’ అని అడుగుతాడు. ఆయనకు చెడ్డ ఉద్దేశం ఏమీ ఉండదు. ఆరోగ్యం ఎలా ఉందని అడిగినట్టే అడుగుతాడు. జవాబు చెప్పాల్సినవాడికే ముద్ద గొంతు దిగదు.

నిజానికి మన చుట్టూ పదోన్నతి వద్దనుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. బ్యాంకుల్లో ఆఫీసరు పరీక్ష వైపు కన్నెత్తి చూడని క్లర్కులు కనిపిస్తారు. ఆఫీసరైతే ఏ రాష్ట్రానికి బదిలీ అవుతుందో తెలియదు. కౌంటరులో ఉంటే ఊళ్లో సగం మంది పేర్లు తెలుస్తాయి, పింఛను డబ్బుకొచ్చిన ముసలమ్మకు ఫారం నింపిపెట్టే వీలుంటుంది. ఉపాధ్యాయుల పదోన్నతుల కౌన్సెలింగులోనూ అంతే. సీనియారిటీ జాబితాలో పేరు పిలవగానే వెళ్లి ‘నాట్ విల్లింగ్’ అని సంతకం పెట్టి వచ్చేసే ఎస్‌జీటీలు (సెకండరీ గ్రేడ్ టీచర్లు) ఉన్నారు.

ఆ సంతకం పెట్టిన ఒకటో తరగతి టీచరమ్మ దగ్గరకు వెళ్లి చూస్తే సంగతి అర్థమవుతుంది. జూన్‌లో చేరిన పిల్లవాడు బలపాన్ని పిడికిట్లో బిగించి పట్టుకుంటాడు. ఆమె వెనక నిలబడి, ఆ చేతి మీద తన చెయ్యి వేసి ‘అ’ తిప్పిస్తుంది. గుండ్రం కుదరదు. చెరిపి మళ్లీ దిద్దిస్తుంది. వేసవి సెలవులు దగ్గరపడే వేళకు వాడు ఊళ్లోకి వచ్చిన బస్సు బోర్డు ముందు నిలబడి కూడబలుక్కుంటూ చదువుతాడు. పదోన్నతి తీసుకుంటే దీన్ని వదిలి హైస్కూలుకు వెళ్లాలి, అక్కడినుంచి హెడ్మాస్టరు కుర్చీకి చేరాలి. ఆ కుర్చీ ముందు మధ్యాహ్న భోజనం లెక్కలు, యాప్‌లో ఎక్కించాల్సిన ఫొటోలు, వరస సమావేశాలు ఉంటాయి. ఆ పనీ ఎవరో ఒకరు చేయాల్సిందే, ఇష్టపడి బాగా చేసేవాళ్లూ ఉన్నారు. ఆమెకు ఇష్టం లేదు, అంతే.

అలాగని వద్దన్న ప్రతి సంతకం వెనకా వేదాంతం ఉందనుకోకూడదు. మంచాన పడిన అత్తగారు, ఇంటర్ చదువుతున్న కొడుకు, రోజూ రెండు బస్సులు మారాల్సిన దూరం, తీరని ఇంటి అప్పు... ఎక్కువసార్లు కారణాలు ఇవే. పైగా మన ఇళ్లలో ఒక వింత న్యాయం నడుస్తోంది. భార్య ప్రమోషన్ వదులుకుంటే ఇల్లు దిద్దుకునే మంచి ఇల్లాలు, భర్త వదులుకుంటే చేతగానివాడు. ఆమె నిజంగా తృప్తితో ఆగిందా, ఆగక తప్పలేదా అని ఎవరూ అడగరు. అడగాలి. ఎక్కాలని ఉన్నా ఎక్కనివ్వని ఇంటి తీరుకు తృప్తి అని పేరు పెట్టడం మోసం.

అంతకన్నా పెద్ద మోసం మరొకటుంది. తెల్లవారకముందే చీపురు పట్టి రోడ్డెక్కే ఒప్పంద కార్మికురాలికి, ఏళ్ల తరబడి క్రమబద్ధీకరణ కోసం ఎదురుచూసే లెక్చరరుకు ‘ఉన్నదాంతో తృప్తి పడాలమ్మా’ అని పై కుర్చీలోంచి చెప్పడం. కడుపు నిండనివాడికి తృప్తి బోధించే హక్కు ఎవరికీ లేదు. మనం మాట్లాడుకుంటున్నది కనీస అవసరాలు తీరినవాళ్ల గురించే. ఇది చాలు అనగలిగినవాడే అనాలి, అదీ తన గురించే అనుకోవాలి.

అవసరాలు తీరినా ‘చాలు’ అనలేని చోటు హైదరాబాద్ ఐటీ కంపెనీల మాదాపూర్, గచ్చిబౌలి. కోడు చక్కగా రాసే కుర్రాడికి ముప్పై రెండేళ్లు దాటగానే ‘ఇంకా టీమ్ లీడ్ కాలేదా’ అన్న ప్రశ్న మొదలవుతుంది. చివరికి అవుతాడు. అప్పటినుంచి కోడు రాయడం మానేసి ఇతరుల కోడుకు రేటింగులు ఇస్తాడు, కాల్స్‌లో కూర్చుంటాడు, అప్రైజల్ నెలలో నిద్ర పోగొట్టుకుంటాడు. సంస్థకు ఒక మంచి ఇంజనీరు పోయి ఒక అంతంత మాత్రపు మేనేజరు మిగులుతాడు. లారెన్స్ పీటర్ 1969లో రేమండ్ హల్‌తో కలిసి రాసిన పుస్తకంలో చెప్పింది ఇదే. చేస్తున్న పని బాగా చేసినవాణ్ని పైకి పంపుతూ పోతే, చివరికి తనకు చేతకాని పని దగ్గర వాడు ఆగిపోతాడని ఆయన సూత్రం. నవ్విస్తూనే చురక పెట్టిన పుస్తకం అది. అందులోని ఉదాహరణల్లో బడి పంతుళ్లు కూడా ఉన్నారు.

వద్దనుకోవడం ఉచితం కాదన్నది కూడా దాచకుండా చెప్పాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి పదోన్నతి కాదంటే ఏడాదిపాటు మళ్లీ పిలుపు రాదు. 10, 20, 30 ఏళ్ల సర్వీసుకు ఎంఏసీపీ పథకం కింద అందాల్సిన ఆర్థిక ప్రయోజనానికీ ఎసరొస్తుంది. మన తెలుగు రాష్ట్రాల సర్వీసుల్లో ఒకే పోస్టులో ఆరు, 12, 18, 24 ఏళ్లు పూర్తిచేసినవారికి ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ పథకం కింద పై స్కేలు ఇస్తారు. పదోన్నతి వదులుకున్నవారికి ఆ తర్వాతి మెట్లు మూసుకుపోతాయి. సంతకం పెట్టేముందు ఈ లెక్క కాగితం మీద వేసుకోవాలి. ఎంత పోతుందో, దాంతో ఏం కొనుక్కుంటున్నామో తెలిసి వదులుకుంటే తర్వాత సణుగుడు ఉండదు. తెలియక వదులుకుంటే నిన్నటి జూనియర్ రేపు ఎదుటి కుర్చీలో కూర్చున్నప్పుడు గుండెలో కలుక్కుమంటుంది. తెలిసి వదులుకున్నా కాస్త కలుక్కుమనొచ్చు. అంతమాత్రాన నిర్ణయం తప్పయిపోదు.

పదోన్నతి ఇస్తామంటే కాదన్నవాడికి మళ్లీ అదనపు మేలు ఎందుకని ఆర్థిక శాఖ అడగవచ్చు. కుర్చీలు నింపడమే లక్ష్యమైతే ఆ వాదన సబబే. కానీ ఒకటో తరగతిలో ఇరవై ఏళ్లు అక్షరాలు దిద్దించిన టీచరు ఇంకో పదేళ్లు అక్కడే ఉంటానంటే బడికి అది లాభం. ఆ లాభానికి ఖరీదు ఆమె జీతంలోంచి కోయడం అన్యాయం. వచ్చే వేతన సవరణ సంఘాలైనా పై స్కేలు ఆపే ఈ నిబంధనను తిరిగి చూడాలి.