హృదయపరివర్తనమా, లెక్కల పరివర్తనమా?

2001వ సంవత్సరమున మైక్రోసాఫ్టు కంపెనీ అధిపతి స్టీవ్ బాల్మర్ లినక్సును రాచపుండుతో పోల్చెను. 2014 ఫిబ్రవరిలో ఆ పీఠమెక్కిన సత్య నాదెళ్ల, అదే సంవత్సరము అక్టోబరులో, లినక్సు తమకు ప్రీతిపాత్రమని ప్రకటించెను. నిందించినవారే స్తుతించుటకు పదమూడేండ్లు పట్టినది. హైదరాబాదున జన్మించిన తెలుగువాడు ఈ మాట పలుకుట మనవారికి గర్వకారణమే. అయినను ఆ ప్రీతికి మూలమెచ్చటనున్నదో విచారింపక గర్వించుట వివేకము కాదు.

లినక్సు 1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్సు ఆరంభింపగా దేశదేశముల నిపుణులు కూడి పెంచినది. కంప్యూటరును నడపు ఈ సాధనముయొక్క మూలరచనను ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, పంచవచ్చును. పంచువాడు తాను పొందిన హక్కులనే పరులకును ఈయవలయును. ఇది ఇంట దాచుకొని మరల విత్తుకొను గింజవంటిది. విండోసు అంగటి పొట్లములోని సంకరవిత్తనము. వాడుకొనుట మనవంతు, లోని గుట్టు అమ్మినవానివంతు. పత్తి పండించు మన రైతులకు ఈ భేదము ఒకరు బోధింపనక్కరలేదు.

మరి మైక్రోసాఫ్టువారి మనసేల మారినది? గుంటూరు శీతలగిడ్డంగి యజమానికి, లోన నున్నది తేజరకమా, మరియొక రకమా అను పట్టింపు లేదు. బస్తాకు అద్దె ముట్టిన చాలును. మైక్రోసాఫ్టువారు నేడట్టి గిడ్డంగిదారులైరి. అజ్యూరు అను తమ క్లౌడులో 2012లో లినక్సునకు చోటిచ్చిరి. 2014 నాటికే అందు ఐదవవంతు లినక్సేయని నాదెళ్లవారు చెప్పిరి. 2019 నాటికి అది విండోసునే మించినది. అద్దె తెచ్చు సరకును తిట్టు వర్తకుడెచ్చటనైన కలడా?

వారు చేసిన మేలును మేము కాదనము. 2009లోనే లినక్సునకు తమ రచన కొంత ఇచ్చిరి. 2016లో లినక్సు ఫౌండేషనున చేరిరి. 2018లో లినక్సు రక్షణకై ఏర్పడిన కూటమిలో చేరి, అరువదివేలకు పైబడిన పేటెంట్లను ఆ కూటమివారు వాడుకొనుటకు అనుమతించిరి. తాము చరిత్రలో తప్పు పక్షమున నిలిచితిమని 2020లో కంపెనీ అధ్యక్షుడు బ్రాడ్ స్మిత్ ఒప్పుకొనెను. తప్పొప్పుకొనుట చిన్నగుణము కాదు. కాని విండోసు మూలరచనకు వేసిన తాళము నేటికిని తీయలేదు. ఇతరుల తోట ఫలములను మెచ్చుకొనుట వేరు, తన తోట తలుపు తెరచుట వేరు.

ఈ విషయము మనకు దూరపు ముచ్చట కాదు. 2025 అక్టోబరు 14తో విండోసు 10నకు సాధారణ సంరక్షణ ముగిసినది. అనేక పాతయంత్రములు విండోసు 11నకు పనికిరావు. గుంటూరు, ఒంగోలు, చీరాల పట్టణములలో అట్టి యంత్రములుగల పాఠశాలలు, కొట్లు, పఠనమందిరములు వానిని చెత్తలో వేయవలయునా? వానిలో పెక్కింటిపై లినక్సు చక్కగా నడచును. తెలుగు లిపియు అందు చక్కగా కనబడును. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో ఏండ్లతరబడి ఇట్టి స్వేచ్ఛాసాధనములతోనే బోధన జరుగుచున్నది. వారికి సాధ్యమైనది మనకు అసాధ్యమా?

గుమాస్తాలకు విండోసే అలవాటనియు, లెక్కల ప్రోగ్రాములు దానియందే నడచుననియు కొంద రందురు. నిజమే. అట్టి పనికి ఒక యంత్రము నుంచుకొనుడు. చదువుకొను బాలునికి మాత్రము విప్పి చూడదగిన యంత్రము నిండు. మూత తెరువరాని పెట్టెపై నేర్చినవాడు వాడుకరిగనే మిగులును. తెరచి చూచినవాడు నిర్మాత కాగలడు.

కంపెనీవారి ప్రేమకు మన కృతజ్ఞత బాకీ లేదు. లినక్సు వారి వరము కాదు. వారికంటె ముందే అది అందరిది. పరుల గిడ్డంగిలో అద్దెకుండుట అవసరమైన నుండుదము, కాని విత్తనము మనయింట నుండవలయును. ప్రతి పఠనమందిరమువారును ఈ నెలలోనే ఒక పాతయంత్రముతో ఆరంభింతురుగాక.