ఆ ట్యాబు అసలు ధర ఎంత?

పాఠశాల విద్యాశాఖ కమిషనర్ గారికి,



2022 డిసెంబరు 21న ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకూ, వాళ్ల టీచర్లకూ కలిపి 5.18 లక్షల శాంసంగ్ ట్యాబులు పంచడం మొదలైంది. ఖర్చు 686 కోట్లన్నారు. భాగించి చూస్తే ఒక్కోటి 13 వేల పైచిలుకు. ప్రభుత్వ సభల్లో మాత్రం బైజూస్ పాఠాలతో కలిపి 32 వేల విలువని చెప్పారు. బైజూస్ సంస్థ ఉచితంగా ఇచ్చిన ఆ పాఠాలకు అంత ధర ఎవరు కట్టారో! మార్కెట్‌యార్డులో మా శనక్కాయకు ఇంత ధారాళంగా ఎవరూ కట్టరు.

వస్తువును తీసిపారేయను. పాఠాలు మెమరీ కార్డులోనే ఉండటం మా కళ్యాణదుర్గం వైపు పల్లెలకు మేలే. సిగ్నల్ కోసం మిద్దె ఎక్కక్కర్లేదు. వాన మొహం చాటేసిన ఏడాది తల్లిదండ్రులు బెంగళూరు పనులకు పోతారు, పిల్లలు అవ్వాతాతల దగ్గరుంటారు. లెక్క అర్థం కాకపోతే ఆ ఇంట్లో చెప్పేవాళ్లెవరు?

నా దిగులంతా ఆ పాఠాల గురించీ, మరమ్మతుల గురించీ. 2024 జులైలో బైజూస్ నడిపే సంస్థపై దివాలా ప్రక్రియ మొదలైంది. సిలబస్ మారితే పాఠాలు మార్చేదెవరు? తొలి విడత ట్యాబులకు మూడేళ్ల వారంటీ కూడా తీరిపోయింది. ఇక తెర పగిలినా, బ్యాటరీ ఉబ్బినా ఖర్చు కూలి డబ్బుల్లోంచే.

ఈసారి కొనేముందు యంత్రం ధర, పాఠాల ధర, మరమ్మతు ఖర్చు విడివిడిగా ప్రకటించండి. పాఠాల హక్కు ప్రభుత్వం పేరనే ఉంచండి. పాత ట్యాబులు బాగుచేయించుకోవడానికి మండలానికొక చోటు చూపించండి.

ఇట్లు,
అనంతపురం జిల్లా నుంచి ఒక తండ్రి