ఆల్ఫ్రెడో మంచోడేనా? ఏ వెర్షన్‌లో?

మన దగ్గర సినిమా రిలీజైన నాలుగో రోజు 'పన్నెండు నిమిషాలు ట్రిమ్ చేశాం' అని ప్రకటన వచ్చిందంటే సంగతేంటో అందరికీ తెలుసు. ల్యాగ్ ఉందని టాక్ వచ్చింది, కాపాడుకునే పనిలో ఉన్నారు. ఎంత కోసినా కథ మారదు. హీరో హీరోగానే ఉంటాడు, విలన్ విలన్‌గానే ఉంటాడు. కానీ కత్తెర పడ్డాక ఒక మనిషి ఏకంగా మంచివాడైపోయిన సినిమా ఒకటుంది. ఇటలీ వాళ్లది. పేరు 'సినిమా పారడీసో'.

(స్పాయిలర్లు ఉన్నాయి. 1988 నాటి సినిమాకి వార్నింగ్ ఏంటి అనకండి. చూడనివాళ్లకి అది ఎప్పుడూ కొత్తదే.)

జుసెప్పె తోర్నతోరె తీసిన ఈ సినిమా ఇటలీలో మొదట రిలీజైనప్పుడు నిడివి 155 నిమిషాలు. జనం పట్టించుకోలేదు. అరగంట కోసి 124కి తెచ్చారు. ఆ చిన్న వెర్షన్ 1989లో కాన్‌లో జ్యూరీ ప్రత్యేక బహుమతి, మరుసటి ఏడాది విదేశీ భాషా చిత్రాల ఆస్కార్ కొట్టేసింది. తర్వాత 2002లో అమెరికాలో 173 నిమిషాల డైరెక్టర్స్ కట్ వదిలారు. రెండింటికీ తేడా 49 నిమిషాలు.

కథ ఇదీ. సిసిలీలో ఓ చిన్న ఊరు. టోటో అనే బుడ్డోడు. నాన్న యుద్ధానికెళ్లి తిరిగి రాలేదు. థియేటర్ ఆపరేటర్ ఆల్ఫ్రెడోయే వాడికి దాదాపు నాన్న. ఊళ్లో ఫాదర్ ప్రతి సినిమా ముందే చూసి, ముద్దు సీన్ వస్తే గంట మోగిస్తాడు. ఆల్ఫ్రెడో ఆ చోట రీల్లో కాగితం ముక్క పెట్టి, తర్వాత కత్తిరిస్తాడు. ఒక రాత్రి ఫిల్మ్ అంటుకుని ఆల్ఫ్రెడో చూపు పోతుంది. టోటో పెద్దవాడై ఎలెనాని ప్రేమిస్తాడు. ఆమె ఉన్నట్టుండి మాయమైపోతుంది. వెళ్లిపో, మళ్లీ ఈ ఊరి మొహం చూడొద్దని ఆల్ఫ్రెడో వాణ్ని పంపేస్తాడు. ముప్పై ఏళ్లకి, పేరున్న డైరెక్టరై, అదే ఆల్ఫ్రెడో అంత్యక్రియలకి టోటో తిరిగొస్తాడు.

చిన్న వెర్షన్‌లో ఎలెనా ఎందుకు మాయమైందో చెప్పరు. నాకైతే అది లోటుగా అనిపించలేదు. నీలం టిక్కులు పడీ రిప్లై రాని రోజులు చూసినవాళ్లకి కారణం చెప్పక్కర్లేదు కదా. చివర్లో టోటో రోమ్‌లో ఒంటరిగా కూర్చుని, ఆల్ఫ్రెడో తనకోసం వదిలివెళ్లిన రీలు చూస్తాడు. ఒకప్పుడు కత్తిరించిన ముద్దులన్నీ వరసగా అతికించి ఉంటాయి. వెనక మోరికోనె సంగీతం. ఏడుపొస్తుంది. రాకపోతే మీ ఇష్టం.

ఇప్పుడు పెద్ద వెర్షన్. అంత్యక్రియలకి వచ్చిన టోటోకి ఊళ్లో అచ్చం ఎలెనాలాంటి అమ్మాయి కనబడుతుంది. ఎలెనా కూతురు. ఎలెనా ఆ ఊళ్లోనే ఉంది, టోటోతో చదువుకున్నవాడినే పెళ్లి చేసుకుంది. రాత్రి సముద్రం పక్కన, కార్లో, ఇద్దరూ మాట్లాడుకుంటారు. అప్పుడు బయటపడుతుంది అసలు విషయం. ఆ రోజు ఎలెనా థియేటర్‌కి వచ్చింది. కాకపోతే ఆలస్యంగా. టోటో తనని వెతుక్కుంటూ బయటికెళ్లిన సమయానికి. గదిలో ఉన్న ఆల్ఫ్రెడో, వాడి మంచి కోసమే వాణ్ని వదిలెయ్యమని ఆమెకి నచ్చజెప్పాడు. ఆమె మాత్రం అడ్రస్ రాసిన చీటీ అక్కడే పెట్టి వెళ్లింది. టోటో కంట అది పడలేదు. ఆల్ఫ్రెడో నోరు విప్పలేదు.

మా ప్రాజెక్టు భాషలో చెప్పాలంటే ఇది బగ్ ఫిక్స్ కాదు, రిక్వైర్‌మెంటే మారిపోయింది. చివరి రీలు రెండింట్లోనూ అదే. అవే ముద్దులు, అదే సంగీతం. చిన్నదాంట్లో అది కానుక. పెద్దదాంట్లో మాత్రం నాకు అది ఎత్తుకెళ్లిన వస్తువుని కొంచెం కొంచెంగా తిరిగిచ్చినట్టు కనిపించింది. సినిమాల్లో ముద్దులు ఫాదర్ గంట కొడితే కోశాడు. ఈ ప్రేమ కొయ్యమని మాత్రం ఏ గంటా మోగలేదు.

అలాగని విలన్ అనలేం. అలాంటివాళ్లు మన ఇళ్లలోనూ ఉంటారు. మన ఫీజు కట్టిన మావయ్యే 'ఇవన్నీ తర్వాత, ముందు సెటిలవ్వు' అంటాడు. పైగా ఎలెనాయే అంటుంది, మనం కలిసుంటే నువ్వా సినిమాలు తీసేవాడివి కాదని. ఇక్కడే నాకు గుచ్చుకుంది. రిజల్ట్ బాగొస్తే ప్రాసెస్ గురించి ఎవడూ అడగడు, ఆఫీసులోనూ అంతే. టోటో పెద్ద డైరెక్టర్ అయ్యాడు కాబట్టి ఆల్ఫ్రెడో కరెక్టా? అవకపోయుంటే? అసలు ఎలెనా మాటేంటి, ఆమె ముప్పై ఏళ్లు ఎవరి లెక్కలో రాయాలి? చిన్న వెర్షన్‌లో ఈ ప్రశ్నలే రావు, ఎందుకంటే అందులో ఆమె టోటో తీసిన ఫిల్మ్‌లో కనిపించే అందమైన మొహం మాత్రమే.

సినిమాగా చూస్తే చిన్నదే బెటర్, డౌట్ లేదు. పెద్దది ఆ కారు సీన్ దగ్గర మరీ సాగుతుంది, చెప్పక్కర్లేనివి కూడా చెప్తుంది. ఆ అరగంట కోసినవాళ్లని తిట్టబుద్ధి కాలేదు. కానీ పెద్దది చూశాక, చిన్నదాంట్లో ఆల్ఫ్రెడో స్టేషన్లో టోటోని హత్తుకుంటుంటే, ఆయన మొహం వైపే చూస్తూ కూర్చున్నాను, ఏదైనా దొరుకుతుందేమోనని.

చూడాలనుకుంటే ముందు 124 నిమిషాలది చూడండి. ఓ నెల ఆగి రెండోది. పేరు ఒకటే కాబట్టి ప్లే నొక్కేముందు నిడివి చెక్ చేసుకోండి: 2 గంటల 4 నిమిషాలా, 2 గంటల 53 నిమిషాలా అని. ఫ్రెండ్‌తో ఆల్ఫ్రెడో గురించి వాదన పెట్టుకునే ముందు కూడా ఇదే అడగండి.